మోటారు ఎవరిది?

రత్నం,

గోపాలపట్నం ప్రభుత్వాసుపత్రిలో డయాలసిస్ ఒక్క పూట కూడా ఆగదని మీ తమ్ముడు సింహాచలం నీకు మాటిచ్చాడు. ఆ మాట నమ్మి సీతమ్మధార ఆసుపత్రికి వెళ్లడం మానేశావు. ఇక్కడ డయాలసిస్ మిషన్లకు నీళ్లందించే మోటారు కాలిపోయి, మిషన్లు ఆగిన వారంలోనే పోయావు.

ఈరోజు నీ సంవత్సరీకం. పక్కింటి పైడమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లాను. మోటారు మళ్లీ కాలింది.

"మిషన్లే మావి. నీళ్లు గవర్నమెంటువి," అన్నాడు మిషన్లు నడిపే ప్రైవేటు కంపెనీ టెక్నీషియన్.

"నీళ్లగది కూడా కంపెనీకే అప్పజెప్పేశాం," అన్నాడు సూపరింటెండెంట్.

పైడమ్మ ఆయాసపడుతూ, "ఈలిద్దరి పెళ్లికి నన్నెందుకు పీటల మీద కూకోబెట్టినారు బాబూ?" అంది.

ఆసుపత్రి కమిటీలో ఉన్న మీ తమ్ముడికి ఫోన్ చేశాను.

"నానేటి సేత్తాను బావా? కంపెనీతో రాసుకున్న అగ్రిమెంటులో మోటారు ఊసే లేదు. సంతకాల్నాడే సూసినాను."

"మరి మీ అక్కకు ఎందుకు చెప్పలేదు?"

"డయాలసిస్ సెంటరు రిబ్బను కత్తిరించే పూట అపశకునం మాటలేటి బావా!"

పైడమ్మను ఆటోలో పెద్దాసుపత్రికి చేర్చాను. ఇప్పుడు మిషను మీద ఉంది, గండం గడిచిందన్నారు.

నీ తోడబుట్టినవాడని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను. అన్నీ తెలిసే నీకు మాటిచ్చాడు. నీ చావుకు కారణం సింహాచలమే.