సౌభాగ్యమ్మ గారి ఒపల్

జగ్గయ్యపేట,
ఆదివారం సాయంత్రం

నా తల్లి మెర్లిన్‌కి,

నాన్న దీవెనలు. ఫోన్లో చెప్పే ధైర్యం రాలేదు, అందుకే రాస్తున్నా. అక్షరాలు ఇంత పెద్దగా ఉన్నాయేంటని నవ్వుకోకు. స్కెచ్ పెన్నుతో రాస్తే తప్ప నాకు కనపడటం లేదు.

మన నగల షాపు కోసం మొదటిసారి నువ్వొక్కదానివే జైపూర్ వెళ్ళి ఒపల్ రాళ్ళు కొంటున్నావు. లైట్ల కింద ప్రతి ఒపలూ బాగానే ఉంటుంది. గుమ్మంలోకి తెచ్చుకుని పగటి వెలుతుర్లో మెల్లగా తిప్పి చూడు. ఒక్క వైపే మెరిసి, కాస్త తిప్పగానే చచ్చిపోయే రంగు తక్కువ రకం. ఎటు తిప్పినా లోపల వెలుగు కదులుతూనే ఉండాలి. ఎరుపు కనిపించే రాయి అరుదు, నీలం ఒక్కటే ఉన్నది దాని తర్వాతే. వెలుతురుకి ఎదురుగా పట్టి సన్నటి పగుళ్ళు వెతుకు. ఇథియోపియా రాళ్ళు నీళ్ళు తాగుతాయి. తడిస్తే గాజులా తేటపడి రంగు మాయమవుతుంది, ఆరితే మళ్ళీ వస్తుంది. కాబట్టి తడి రాయి చూపిస్తే కొనకు. అన్నిటికన్నా ముందు అంచు చూడు. అక్కడ తిన్నని గీత ఉంటే, పలచటి ఒపల్ పొరని కింద నల్లరాయికి అతికించారన్నమాట.

ఆ గీతే నాకు కనపడలేదమ్మా.

నందిగామ సౌభాగ్యమ్మ టీచరు తెలుసుగా. రిటైరైనప్పుడు తనకి తనే ఒపల్ ఉంగరం చేయించుకుంది. "అతుకు లేదు, ఒకటే రాయి" అని నేనే చెప్పి ఇచ్చా. మొన్న వచ్చి వేలు చాపింది. అతుకులోకి నీళ్ళు దూరి రాయి అంచు చుట్టూ మసకేసింది. గొడవపడలేదు. "మీరు చూసి ఇచ్చారుగా అన్నయ్యా, నేను మళ్ళీ చూసుకోలేదు" అంది. నేనేమో రాళ్ళు పంపిన వ్యాపారి మోసం చేశాడని చెప్పా. పాపం అతను పొట్లంలో అతుకు రాళ్ళు కూడా ఉన్నాయని చీటీ రాసే పంపాడు. ఆ చిన్న అక్షరాలూ నేను చదవలేకపోయా.

ఏడాదిగా ఇంతే. మధ్యాహ్నం ఎవరూ రానప్పుడు ఒపల్స్ పెట్టె తెరిచి కూర్చుంటా. పొగమంచులో పాలేటి ఒడ్డున నిలబడ్డట్టుంటుంది. అవతల ఏదో వెలుగుతూ ఉంటుంది, దగ్గరకి రాదు. నీలం ఎక్కడుందో జ్ఞాపకం మీద పోల్చుకుంటున్నా. భయమేస్తుంది, అయినా అక్కణ్ణుంచి లేవబుద్ధి కాదు.

ఈ నెలాఖరుకి షాపు మూసేస్తున్నా. సరుకేమీ కొనకు. ఆవిడ కోసం ఒక్క మంచి రాయి తీసుకుని వచ్చెయ్.

మీ నాన్న,
దేవరాజ్


జైపూర్,
గురువారం

నాన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. నీకు కనపడాలని నేనూ స్కెచ్ పెన్నుతో పెద్దగా రాస్తున్నా. తర్వాత నిన్నడక్కుండా ఒక పని చేశా. సౌభాగ్యమ్మ ఆంటీకి ఫోన్ చేసి, రాయి పంపినాయన తప్పు లేదు, నాన్నకి కనపడలేదు అని చెప్పేశా. కోప్పడతావని తెలుసు.

ఆంటీ అంది: "నాకు అనుమానమేనమ్మా. ఉంగరం తీసుకున్న రోజు ముదురు నీలం చీర కట్టుకెళ్ళా. బూడిదరంగు మీకు బాగా నప్పిందమ్మా అన్నారు మీ నాన్న. మా అమ్మకీ ఇలాగే శుక్లాలొచ్చాయి. చెబితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నా. ఆ రోజే అడగాల్సింది."

విజయవాడ కంటి ఆసుపత్రిలో ఈ సోమవారం కాక పై సోమవారానికి నీ పేరు రాయించింది. నువ్వు పేటలో బస్సెక్కు, తను నందిగామలో ఎక్కుతుంది. ఆపరేషనయ్యాక వాళ్ళమ్మ, ఇంటి గోడ సున్నంలో కూడా నీలం ఉందని వారం రోజులు మురిసిపోయిందట. నీవీ శుక్లాలో కాదో డాక్టరు తేలుస్తాడు. రానని మాత్రం అనకు, బస్సులో నువ్వు లేకపోతే ఆవిడ మనింటికే వచ్చేస్తుంది.

ఇవాళ నువ్వు చెప్పినట్టే గుమ్మంలో నిలబడి చూశా. పొద్దు ఎప్పుడు వాలిందో తెలీలేదు, అన్నం సంగతే మర్చిపోయా. చివరికి రెండు మిగిలాయి. రెంటికీ పగుళ్ళు లేవు, అతుకు లేదు. ఒకదాంట్లో ఎరుపు ఆడుతోంది, ఖరీదైనది. రెండోదాంట్లో అంతా నీలమే, కానీ ఎంత లోపలికి చూసినా ఇంకా ఉంది. నచ్చనిది తిరిగి పంపే ఒప్పందం మీద రెండూ తెస్తున్నా.

ఆంటీకి ఏది నప్పుతుందో నేను తేల్చను. "మీ నాన్న చూసి చెప్పిందాకా ఆగుతా" అందావిడ. షాపు మూసే సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.

నీ కూతురు,
మెర్లిన్