నిశానీవాని చేవ్రాలు

నంద్యాల కాపురస్తుడు, పసుపుల కంబన్న కుమారుడు మద్దిలేటి, వయస్సు నలభై ఆరు, స్వబుద్ధితో, ఎవరి ప్రేరణయు లేక వ్రాసుకొన్న వీలునామా. ఇంజను నడుపుటకు నేను పనికిరానని ధాన్యం మిల్లువారు తేల్చిరి. వీలునామాకు చాలినంత బుద్ధి నాకు ఉన్నది.

కారణము ముందే వ్రాయుచున్నాను. మా మిల్లులో నిశానీవారు, అనగా వేలిముద్ర వేయువారు, నలభై ఐదుకే ఇంటికి. చేవ్రాలువారు యాభై ఐదుదాకా కుర్చీలో. చేరిననాడు నేను నిశాని వేసితిని. తరువాత బస్సు పలకలు చూచి చదువు నేర్చితిని. మొదట చదివిన మాట ‘ఆళ్లగడ్డ’. నన్ను చేవ్రాలువారిలోనికి మార్చుడని అడుగగా, నా ఈడువాడే అయిన గుమాస్తా లక్ష్మీనరసింహం, “ఏందప్పా మద్దిలేటీ, నీ చేవ్రాలు సూసి ఇంజను తిరుగుతాందా?” అనెను. అందరు నవ్విరి. ఆయన ఇంకను కుర్చీలోనే ఉన్నాడు. నా రొమ్ములో ఊకదుమ్ము ఉన్నది.

1. నంద్యాల ఇల్లు నా భార్య నాగేశ్వరమ్మకు, ఆమె తదనంతరము కుమార్తె కమలాక్షికి.

2. ఆళ్లగడ్డ మెట్టచేని ఫలసాయము కమలాక్షి హైస్కూలు చదువు ముగియువరకు దానికే వినియోగింపవలెను. “ఆడపిల్లకు అంత సదువేంటికి బావా, నిశాని ఏస్తే సాలదా?” అనిన నా బావమరిది చెన్నకేశవులుకు ఆ చేనిపై గాని, ఆ పిల్లపై గాని అధికారము లేదు. దీనిని జరిపించు బాధ్యత పిల్ల బడి పంతులమ్మ పరంజ్యోతిగారిది. చదువు మానెదనని కమలాక్షి తన నోట చెప్పవలెనే గాని, దాని తరఫున మరెవరును చెప్పరాదు.

3. నా కళ్లజోడు నాగేశ్వరమ్మకు. ఆమెకు చూపు బాగున్నది, చదువు రాదు. అయినను పిల్ల చదువునపుడు అది పెట్టుకొని ప్రక్కన కూర్చుండుట చూచితిని. నేను నవ్వలేదు.

4. ఇంజను వద్ద నా ముక్కాలిపీట నా తరువాత పనిలోనికి వచ్చిన ఏసయ్యకు. సాక్షికి ఆస్తి చెందరాదని విన్నాను గనుక, ఇప్పుడే చేతికిచ్చి ఈ అంశము కొట్టివేయుచున్నాను. గుమాస్తాకు ఏమియు లేదు. ఆయనకు కుర్చీ ఉన్నది.

5. దీనిని రిజిస్ట్రీ చేయించను. అది తప్పనిసరి కాదని విచారించితిని. అక్కడ చదివినవానిచేత కూడ వేలిముద్ర వేయింతురు.

హేవిళంబి కార్తీక బహుళము, 1957 నవంబరు 10, ఆదివారము, నంద్యాల.

(చేవ్రాలు) పసుపుల మద్దిలేటి

సాక్షులు:
కృష్ణస్వామి, బస్సు కండక్టరు (చేవ్రాలు)
ఏసయ్య, ఇంజను డ్రైవరు (నిశాని)

పై నిశానీదారునికి అతని పేరు వ్రాయుట కమలాక్షి నేర్పుచున్నది. ‘ఏస’ వచ్చినది, ‘య్య’ ఇంకను కుదరలేదు. క్రిస్మసుకు అతనికి నలభై ఐదు నిండును.