గోడ మీద పెన్సిలు గీతలు

ప్రియమైన అక్కకి,

ఫోన్ ఎత్తడం మానేశావు గనక కాగితం మీదే తిడుతున్నాను. మా పక్కింటావిడ భుజం నొప్పని వస్తే నీ ఫిజియోథెరపీ గదిలో పదిసార్లు నొప్పి తగ్గించే అల్ట్రాసౌండ్ మిషన్ పెట్టావు. నాకేమో గోడకెదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకమన్నావు, అందినచోట పెన్సిలుతో గీత గీయమన్నావు. పరాయివాళ్ళకి మిషన్, సొంత చెల్లెలికి గోడా? చెయ్యి లేవకపోతే జుట్టెలా కత్తిరించను? సెలూన్ ఓనరమ్మ నెలాఖరు దాకే చూస్తానంది.

నీకు పట్టని చెల్లెలు

*

ప్రియమైన చెల్లికి,

నీకు మిషన్ పెట్టను. ఎందుకని అడగకు. రోజుకి మూడుసార్లు గోడ. ఏడుపొస్తే ఏడుస్తూనే చెయ్యి.

అక్క

*

అక్కా,

ఈసారి ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. నువ్వు సెలవు పెట్టిన రోజు చూసుకుని వచ్చాను. మీ అసిస్టెంటు మారుమాట్లాడకుండా మిషన్ పెట్టింది. సాయంత్రానికి నొప్పి సగం పోయింది. ఇన్నాళ్ళూ మందు దగ్గర పెట్టుకుని నన్ను ఏడిపించావన్నమాట. చిన్నప్పుడు నీ దువ్వెన కూడా ముట్టుకోనిచ్చేదానివి కాదు, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది. గోడ మానేశాను. మిగతా తొమ్మిదిసార్లకీ నీ ఎదురుగానే వస్తాను.

చెల్లెలు

*

చెల్లీ,

రాకు. కాసేపు నోరు మూసుకుని ఇది చదువు. ఆ మిషన్ పనిచేస్తుంటే, ఒంటికి ఆనించే దాని గుండ్రటి కొన మీద రెండు నీటిచుక్కలు వేస్తే అవి వణకాలి. ఎనిమిది నెలలుగా వణకడం లేదు. బాగుచేయించమంటే మా క్లినిక్ యజమాని, "లైటు వెలుగుతోందిగా, చాల్లే" అన్నాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో జెల్ రాసి చచ్చిన మిషన్ తిప్పుతున్నాను. అసిస్టెంటుకి తెలియదు. నీకు తగ్గింది నమ్మకం వల్ల, మళ్ళీ వస్తుంది. అసలు మిషన్ బాగున్నా, బిగుసుకుపోయిన భుజాన్ని అదొక్కటే లేపలేదు. వచ్చినవాళ్ళందరినీ మోసం చేశాను గానీ, దాన్ని నీ భుజానికి ఆనించడానికి నాకు మనసొప్పలేదు. సిగ్గుగా ఉంది.

గోడ మానకు.

అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందేసరికే నొప్పి తిరిగొచ్చింది. సెలూన్‌లో నా కుర్చీ ఇంకొకరికిచ్చేశారు. నిజం మొదటి ఉత్తరంలోనే రాసుంటే మూడు వారాలు గోడ మానేదాన్ని కాదు. దానికి నిన్ను క్షమించను.

మళ్ళీ మొదలుపెట్టాను. నిన్నటికి గీత నా చెవి దాటింది. పక్కన పక్కింటావిడ గీత కూడా ఉంది. ఆవిడకి నీటిచుక్కల సంగతి చెప్పేశాను. మిగతావాళ్ళ చిరునామాలు మీ రిజిస్టరులో ఉంటాయి. ఆదివారం కవర్లు తీసుకుని వస్తాను. వాళ్ళందరికీ నువ్వు రాయకపోతే నేను రాస్తాను. ఉత్తరం రాయడానికి భుజం లేవనక్కర్లేదు.

నీ చెల్లెలు