మిర్రి గోళ్ల చప్పుడు

మార్చి 8, శనివారం

ఇవాళ సౌనా రోజు, వారానికోసారి ఆవిరి స్నానం. మా సౌనా పొయ్యి కార్ల్ పోయిన ఏడాదే పగిలింది. మొగుడే పోయాక పొయ్యి ఎందుకులే అని బాగు చేయించలేదు. అప్పటినుంచీ శనివారం సాయంత్రాలు పక్కింటి అర్మాస్ సౌనాకే వెళ్తున్నాను. ముందు ఆడవాళ్లు, తర్వాత మగవాళ్లు. ఆడవాళ్లంటే ఇప్పుడు నేనొక్కదాన్నే, మగవాళ్లంటే ఆయనొక్కడే. అయినా పద్ధతి పద్ధతే. యాలకుల రొట్టె నేను పట్టుకెళ్తాను, కాఫీ ఆయన పెడతాడు.

ఆయన పిల్లి మిర్రికి పదిహేడేళ్లు. బట్టలు మార్చుకునే గదిలో గోడవారన బల్ల ఉంది. వెచ్చటి గోడకి వీపు ఆనించి ఆ బల్ల మీద పడుకోవడం దాని హక్కు. పొరపాటున నా టవల్ అక్కడ పెట్టానా, కిందికి తోసేస్తుంది. అలాంటిది ఇవాళ బల్ల ముందు నిలబడి చాలాసేపు పైకి చూసింది. ఎగరలేదు. వచ్చి నా బూట్ల పక్కన నేల మీద పడుకుంది. ముందరి ఎడమకాలు నేలకి ఆనించకుండా పెట్టుకున్నట్టు అనిపించింది.

కాఫీ తాగుతూ చెప్పాను. ముసలిదైపోయిందమ్మాయ్, నీ మోకాళ్ల సంగతేంటి మరి, అన్నాడు. నాకు అరవై మూడు. ఇంకా అమ్మాయే ఆయనకి.

మార్చి 9

పిల్లి మనది కాదు. మనకెందుకు.

మార్చి 11

పొద్దున అర్మాస్ ట్రక్కు స్టార్టయిన చప్పుడుకి లేచాను. ఈ మధ్య నాకు అలారం అదే. మా రెండిళ్ల మధ్య స్ప్రూస్ చెట్లు అడ్డం కాబట్టి మనిషి కనపడడు, చప్పుడే. ఈ వయసులో పొద్దున్నే ఎక్కడికి తిరుగుతాడో.

మధ్యాహ్నం రొట్టె పళ్లెం తెచ్చుకునే వంకతో వెళ్లాను. వంటింట్లో కూర్చుంటే హాల్లోంచి మిర్రి వస్తున్న చప్పుడు. టిక్ టిక్ టిక్. ఒక్క క్షణం ఆగి మళ్లీ టిక్ టిక్ టిక్. నాలుగో అడుగు వినపడలేదు. ముప్ఫై ఏళ్లు స్కూల్ బస్సు నడిపినదాన్ని. ఇంజన్‌లో ఏ ముక్క పని చేయడం లేదో చెవితోనే పట్టేదాన్ని. ఇది ముసలితనం కాదు, దెబ్బ.

వంగి కాలు పట్టుకోబోయాను. బుస్సుమని నా మణికట్టు గీరేసింది. నా బంగారాన్ని ఎవరేం చేశారని అర్మాస్ అవతలినుంచి అడిగాడు. ఏం చేస్తాను, రక్తం తుడుచుకున్నాను.

కాఫీ పోసేటప్పుడు కప్పు అంచుకి లోపల వేలు పెట్టి పోశాడు. నా కప్పులో, ఆయన వేలు. ఆయన పెళ్లాం లెంపి బతికుంటే ఆ వేలు మీద గరిటెతో ఒకటిచ్చేది. ఆడదిక్కు లేని ఇల్లు ఇంతేలే అనుకుని తాగేశాను.

మార్చి 13

రాత్రి మళ్లీ మంచు కురిసింది. మార్చి వచ్చినా ఈ సరస్సు మీంచి వచ్చే మంచు మనల్ని వదలదు.

కోఆప్ కొట్లో బిల్లు కొట్టే రూత్‌కి పిల్లి సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ముసలాయన చిరాకులో తన్నాడేమో అంది. అర్మాస్ ఈగని కూడా తన్నడని కసిరాను. పోనీ తలుపులో నలిగిందేమో అంది. అర్మాస్ కోఆప్‌కి వచ్చి చాలా రోజులైందనీ, ఒంట్లో బాగానే ఉందా అనీ అడిగింది. బాగానే ఉన్నాడు, రోజూ పొద్దున్నే ట్రక్కేసుకుని వెళ్తాడు అన్నాను. ఎక్కడికీ అంది. నాకేం తెలుసు.

ఇంటికొచ్చి పశువుల డాక్టర్‌కి ఫోన్ చేశాను. పిల్లి ఎవరిదని అడిగింది. పక్కింటాయనది అన్నాను. అయితే ఆయనే తీసుకురావాలండీ అంది. ఫోన్ పెట్టేసే ముందు, గోళ్లు చూడండి, ముసలి పిల్లులకి అవి అరగవు, వంకర తిరిగిపోతాయి అంది.

అర్మాస్ పిల్లికి గోళ్లు పెరగడమా. ఆయన జీవితమంతా కలప మిల్లులో రంపాలకి పదును పెట్టినవాడు. ఒక్కో పన్నూ వెలుతురుకి ఎత్తి చూసేవాడు. మిర్రి గోళ్లు ఆయనే తీసేవాడు, ఆదివారాలు, ఒళ్లో పడుకోబెట్టుకుని. నాకు తెలియదా.

తన్నాడేమో అన్న మాట మాత్రం బుర్రలోంచి పోవడం లేదు. రూత్ నోరు పడిపోను.

మార్చి 15, శనివారం

జేబులో టార్చ్ పెట్టుకుని సౌనాకి వెళ్లాను. దొంగలా.

నేను స్నానం చేసి వచ్చేసరికి మిర్రి నేల మీద పడిన నా టవల్ మీద వెల్లకిలా పడి నిద్రపోతోంది. ఆ వేడికి మనిషే మెత్తబడతాడు, పిల్లి ఎంత. మెల్లగా కాలు ఎత్తి చూశాను. గోరు ఉంగరంలా చుట్టుకుంది. దాని మొన అరికాలి మెత్తలోకి దిగిపోయింది. చుట్టూ వాచి చీము పట్టింది. మిగతా గోళ్లూ అలాగే వంగాయి, ఇంకా గుచ్చుకోలేదు, అంతే.

ఒళ్లు మండిపోయింది. ఇంత గోరు కనపడలేదా ఈ మనిషికి, కళ్లు పోయాయా అని పైకే అన్నాను.

అని, ఆ తడి జుట్టుతోనే అక్కడ కూర్చుండిపోయాను.

కప్పులో వేలు. కోఆప్‌కి రాకపోవడం. పోయిన నెలలో మా వరండాలో ఆరేసిన కార్ల్ కోటుకి గుడ్ మార్నింగ్ చెప్పాడు. జోక్ అనుకుని నవ్వాను. కోటుకి చెప్తారు గానీ నాకు చెప్పరేం అని ఏడిపించాను కూడా. ఆయన కూడా నవ్వాడు. ఎలా నవ్వాడో పాపం.

బయటికి వస్తూ ట్రక్కు షెడ్డు దాకా వెళ్లాను. పొద్దున చప్పుడు విన్నాను నా చెవులతో. షెడ్డు ముందు మొన్నటి మంచు మొన్నటిలాగే ఉంది. టైరు గుర్తు ఒక్కటి లేదు.

కాఫీ తాగి వచ్చేశాను. ఏమీ అనలేదు.

అదే రోజు, పడుకునే ముందు

అంటే ఏమవుతుంది? కళ్లు కనపడటం లేదని తెలిస్తే లైసెన్స్ పోతుంది. లైసెన్స్ పోతే ఇక్కడ మనిషి పోయినట్టే. టౌన్ దగ్గరా దాపూ కాదు. ఆయన మేనకోడలు ఎప్పటినుంచో కాచుకుని ఉంది, మార్కెట్ వీధిలో ఉన్న ఆ ముసలాళ్ల హోమ్‌లో చేర్పించాలని. అక్కడ పిల్లులని రానివ్వరు. సౌనా లేదు. ఆ పాపం మొదలుపెట్టిన నోరు నాదవుతుంది.

అనకపోతే ఆ గోరు ఇంకా లోపలికి దిగుతుంది. అది నోరు తెరిచి చెప్పుకోలేదు.

మార్చి 16, ఆదివారం

చెప్పాను.

చర్చి నుంచి తిన్నగా వెళ్లాను, కోటు కూడా విప్పకుండా. మిర్రి కాలికి దెబ్బ ఉంది, నేను చూశాను, గోళ్లు బాగా పెరిగిపోయాయి అన్నాను. కోప్పడతాడనుకున్నాను.

"తెలుసు," అన్నాడు. "నేనే పెరగనిచ్చాను."

నాకు అర్థం కాలేదు. తెలిసి తెలిసి ఎందుకని అడిగాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. బయటికి చూడటానికి కాదని ఇప్పుడు నాకు తెలుసు. క్రిస్మస్ ముందు ఒకరోజు పొద్దున దాన్ని తొక్కాడట. చీకటి కూడా కాదు, పట్టపగలు, కాళ్ల కిందే ఉన్నా కనపడలేదట. అది అరిచిన అరుపుకి ఆయన స్టవ్ పట్టుకుని నిలబడిపోయాడట. రెండు రోజులు మంచం కింద నుంచి రాలేదట మిర్రి.

"గోళ్లుంటే చప్పుడవుతుంది అమ్మాయ్. ఎక్కడుందో వినపడుతుంది. మళ్లీ తొక్కను కదా అని."

ఇన్నాళ్లూ నేను ఈ మనిషిని అనుమానించాను. ఏ కాలు అని అడిగాడు. మిర్రిని ఒళ్లోకి తీసుకున్నాడు. నన్ను గీరింది గానీ ఆయన దగ్గర కిక్కురుమనలేదు. బొటనవేలితో ఒక్కో గోరూ తడుముకుంటూ వచ్చి, ఆ గోరు దగ్గర ఆగాడు. మొన కోసం వెతికాడు. మొన దొరకలేదు, అది లోపల ఉంది కాబట్టి.

"నేనే చేశాను," అన్నాడు.

కావాలని చేశారా ఏంటి అన్నాను. ఏడుస్తున్నాడని కాసేపటికి గానీ నాకు తెలియలేదు, చప్పుడు లేదు. నేనూ ఏడ్చాను. పిల్లి ఒక్కటే నిబ్బరంగా ఉంది.

తర్వాత నేనే అడిగాను, ట్రక్కు సంగతి. నడపడం క్రిస్మస్‌కే మానేశాడట. పిల్లిని చూడనివాడిని రోడ్డు మీద పిల్లల్ని చూస్తానా అన్నాడు. రోజూ పొద్దున స్టార్ట్ చేసి, కాసేపు కూర్చుని, ఆపేసి లోపలికి వస్తాడట. నేను వినాలని. పక్కింటామె నోరు మంచిదే గానీ పెద్దది అన్నాడు. ఒప్పుకున్నాను. మరి తిండి? ఫ్రీజర్‌లో పోయిన ఎండాకాలం పట్టిన చేపలు, డబ్బాల్లో చిక్కుడు గింజలు, నేను శనివారం ఇచ్చే రొట్టె. రొట్టె గురువారం దాకా వస్తుందట. సన్నగా కోసుకుంటే.

ఇంటికొచ్చి రెండు రొట్టెలకి పిండి కలిపాను.

మార్చి 17

ఆయన తలుపు దగ్గర కోటు, టోపీ వేసుకుని పశువుల డాక్టర్ దగ్గరికి రెడీగా ఉన్నాడు. మిర్రి ఆపిల్ బుట్టలో, పైన టవల్. నా కారు పొద్దున్నే మొరాయించింది, ఈ చలికి దానిదెప్పుడూ ఇదే వరస. ఆ మాట చెప్పాను. జేబులోంచి ట్రక్కు తాళాలు తీశాడు. చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. నేను మంచు మీద కాళ్లు ఆడిస్తూ చెట్ల వైపు చూశాను. చివరికి నా చేతిలో పెట్టాడు.

"క్లచ్ గట్టిగా ఉంటుంది," అన్నాడు.

దారంతా గేర్లు మార్చడం రాదని తిట్టాడు. మీ ట్రక్కు కంటే మా బస్సు పెద్దది, అందులో మీకంటే అల్లరి వాళ్లు ఉండేవాళ్లు అన్నాను. ప్రాణం లేచి వచ్చింది ఆ తిట్లకి.

డాక్టర్ చిన్నపిల్ల. గోరు కత్తిరించి, మొన బయటికి లాగి, కడిగి మందు రాసింది. మిర్రి అరుపుకి వెయిటింగ్ రూమ్‌లో కుక్క ఒకటి బెంచీ కిందికి దూరింది. మిగతా గోళ్లు కూడా తీసేసింది. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ఎముకకి పాకేదట. మంచి పని చేశారు తాతగారూ, టైముకి తెచ్చారు అంది. అర్మాస్ నా వైపు తల తిప్పాడు. నేను నోరు మూసుకున్నాను. మంచిదే గానీ పెద్దది కదా నా నోరు.

మార్చి 19

ఇప్పుడు చప్పుడు లేదు. దాంతో ఆయన నడవడం మానేశాడు. మధ్యాహ్నం వెళ్తే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, స్టవ్ ఆరిపోయింది. లేస్తే ఎక్కడ తొక్కుతానో అని. మిర్రి ఆయన కుర్చీ కిందే నిద్రపోతోంది.

ఇంటికొచ్చి క్రిస్మస్ పెట్టె దించి వెతికాను. గుర్రం బండికి కట్టే చిన్న గంట ఒకటి దొరికింది. పట్టుకెళ్లాను. గంట కట్టడానికి అదేమన్నా ఆవా అన్నాడు. పిల్లికి గంట కడితే దాని పరువేం కానూ అన్నాడు. పదిహేడేళ్ల దానికి పరువెందుకండీ, ఇప్పుడది ఎలుకల్ని పడుతుందా ఎలుకలు దాన్ని పడతాయా అన్నాను. లెంపి వింటే పడీ పడీ నవ్వేది అన్నాడు. అంటే సరేనన్నట్టు. రిబ్బన్‌తో కట్టాను. నన్ను మళ్లీ గీరింది.

మార్చి 22, శనివారం

మిర్రి గంటతో వచ్చింది, నేల మీదే పడుకుంది. కుంటడం తగ్గింది. బల్ల వైపు చూడను కూడా లేదు.

మార్చి 27

లైసెన్స్ తనే ఇచ్చేస్తానన్నాడు. ఎవరూ చెప్పలేదు, నేనసలే చెప్పలేదు. తీసుకెళ్లాను. దాని బదులు ఐడీ కార్డు ఇస్తారట, ఫోటో తీయాలి. నవ్వండి సార్ అంది కౌంటర్ అమ్మాయి. ఎటు చూసి నవ్వాలమ్మా అని అడిగాడు. నేను వెళ్లి కెమెరా పక్కన నిలబడి ఇటు అన్నాను. ఫోటోలో బాగున్నాడు.

వస్తూ కోఆప్‌లో ఆగాం. రూత్ ఆయన్ని చూసి కౌంటర్ వదిలి వచ్చి కావలించుకుంది. మేనకోడలికి ఇవాళ రాత్రి తనే ఫోన్ చేస్తాడట. నేను రోజూ వస్తానని చెప్పమన్నాను. శనివారాలు ఎలాగూ వస్తావుగా అన్నాడు. రోజూ అన్నాను.

ఏప్రిల్ 2

పొద్దున ట్రక్కు చప్పుడు లేక ఆలస్యంగా లేచాను.

ఏప్రిల్ 5, శనివారం

నేను సౌనాలోంచి వచ్చి వంటింట్లో జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. అర్మాస్ కాఫీ పోస్తున్నాడు. బట్టలు మార్చుకునే పక్క గదిలో గంట మోగింది. నేలమీద నుంచి కాదు, పైనుంచి. వెంటనే నా టవల్ కింద పడిన చప్పుడు.

ఆయన పోయడం ఆపి విన్నాడు. తర్వాత నా కప్పు కూడా నింపాడు, వేలు పెట్టే. తాగాను.