కుక్కర్ దాచిన ఉప్పు

వదినా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. సంవత్సరీకం వంటకి మీ నూతి నీళ్ళే తోడాలని మీ అబ్బాయి పట్టుదల. అందుకే ఈ సంగతి నీకు చెప్పుకోవాలి.

విదేశీ శాస్త్రవేత్తలు, మన కాలేజీవాళ్ళు కలిసి ఊళ్ళో ఆడపిల్లలకి నీళ్ళలో ఉప్పు కొలవడం నేర్పారు. నా మనవరాలు సుచిత్ర కూడా నేర్చుకుంది. ఆ విదేశీయులకి మన ఆవకాయ తప్ప అన్నీ నచ్చాయి. ఉప్పు కొలిచే మీటర్లు పిల్లల చేతిలో పెట్టి, మొన్ననే విమానమెక్కేశారు.

నిన్న సుచిత్ర మా నూతిలో మీటరు ముంచి చూసి, మళ్ళీ ముంచింది. గట్టిగా అడిగితే చెప్పింది.

"నానమ్మా, ఈ నీళ్ళు ఇంక తాగకు. సముద్రపు ఉప్పు నేల లోపలి నుంచి నూతిలోకి వచ్చేసింది."

"రోజూ తాగుతున్నానే! తియ్యగానే ఉన్నాయి. మీ దొరల్ని ఇంకోసారి చూడమను."

"వాళ్ళు వెళ్ళిపోయారుగా. ఇంక చూడాల్సింది నేనే."



నీ పరీక్ష గుర్తొచ్చింది. కందిపప్పు ఉడికితేనే మంచినీళ్ళు అనేదానివి. కుక్కర్లు వచ్చాక ఏ నీళ్ళలోనైనా పప్పు మెత్తబడుతోంది, అందుకే ఎవరమూ కనిపెట్టలేదు. ఇవాళ పొద్దున్న కుక్కర్ లేకుండా, మా నూతి నీళ్ళతో పప్పు గిన్నెలో పెట్టాను. మధ్యాహ్నమైనా పలుకు పలుకుగానే ఉంది. ఊరందరి తప్పులూ ఎంచే నా నాలుక, కొద్దికొద్దిగా పెరిగిన ఉప్పు సంగతి మాత్రం చెప్పలేదు.

సాయంత్రం మీ నూతికి వెళ్తానంది సుచిత్ర. మన రెండు నూతుల మధ్యా ఉన్నది ఒక్క గోడే. మీ కోడలికి ఆరో నెల. కాళ్ళు వాస్తున్నాయి, బీపీ పెరిగింది అంటుంటే, నీళ్ళు బాగా తాగవే అని రోజూ మీ నూతి నీళ్ళే చెంబు నింపి ఇస్తున్నది నేనే.