ఆయమ్మను ఏ బాక్సులో వేసేది

నందినమ్మా,

టమాటా మార్కెట్టుకు పోతాండాను. సంగటి కుండలో ఉండాది, తిని బ్యాంకుకు పో. నువ్వు చూపిచ్చిన ఆ సీరియల్ నేనొచ్చినాకనే పెట్టల్ల. మొన్నట్లా ఒక్కదానివే చూసేయొద్దు.

కోడలి ఉద్యోగం కాగితం దాచిపెట్టిందని సీరియల్లో అత్తను నువ్వు నిన్న చెడ్డది అంటివి. ఇరవై ఏండ్లుగా మంచి కాయ ఒక బాక్సులో, మచ్చ కాయ ఒక బాక్సులో ఏరేస్తాండాను. ఆయమ్మను ఏ బాక్సులో వేయాలో నాకు తెలీలేదు.

నీ ఉద్యోగం కాగితం వచ్చినప్పుడు నేనూ రెండు దినాలు బియ్యం డబ్బాలో దాచినా. మూడో దినం నేనే తీసి నీ చేతికిస్తి. ఇప్పుడు మార్కెట్లో అడగనోళ్ళకు కూడా చెప్తాండా, "నా కోడలు పుంగనూరు బ్యాంకులో ఆఫీసరు" అని.

అత్త

ఆ సీరియల్లో ఆయమ్మ కూడా కాగితం ఇచ్చేస్తుంది, చూస్తా ఉండు.