వాకిట్లో పాతిన గడ

మినెజావ,
నవంబరు 29, శనివారం.

తొమిఎ అక్కయ్యకు నీ చెల్లెలు కినుయో నమస్కరించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ముల్లంగులు చూరుకింద ఆరుతున్నాయి, తూర్పు కొండ నెత్తిన అప్పుడే తెల్లబడింది. మీ వైపు ఇంకా కమలాపళ్ళు కోస్తున్నారని తెలిసి కుళ్ళుకుంటున్నాను. బావగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి.

ఇక అసలు సంగతి. మా సందులో నాకు తెలియకుండా ఏదో నడుస్తోందక్కా.

ఏటా మంచు పడకముందే మునిసిపాలిటీవాళ్ళు రోడ్డు అంచుల వెంట ఎరుపు తెలుపు గడలు పాతుతారు, నీకు తెలిసిందే. అంతా మంచు కప్పేశాక రోడ్డేదో వాకిలేదో తెలియదు కనక మంచు తోసే బండివాడు ఆ గడలే చూసుకుంటూ పోతాడు. గడ ఎక్కడుంటే అక్కడిదాకా తోస్తాడు. ఈసారి, సోయా పాలు విరిచి తోఫు చేసి అమ్మే మా కొట్టు ముందు గడను రోడ్డు అంచున కాకుండా మా వాకిట్లోకి జరిపి పాతారు. సోయా గింజల బస్తాలు దించుకునే చోటు నడిమధ్యన.

ఇదంతా ఇగరాషి పనే. ఎదురింటాయన, ఈ ఏడు మా వీధి సంఘానికి పెద్ద. తన కప్పు మీది మంచు మా వాకిట్లోకి తోస్తాడని నిరుడంతా ఆయనతో నాకు పోట్లాటే. అక్టోబరులో చలికాలపు ఏర్పాట్ల మీటింగు జరిగింది. ఏ సందు ముందు తోయాలి, ఏ ముసలివాళ్ళ కప్పు ఎవరెక్కి దులపాలి, కరెంటు పోతే అందరూ చలి కాచుకోవడానికి ఏ బడిలో పొయ్యిలు వెలిగించాలి, అన్నీ అక్కడే తేలుస్తారు. పొయ్యి మీద సోయా పాలు వదిలి నేనెలా వెళ్ళను? వెళ్ళొచ్చినవాళ్ళంతా నన్ను చూస్తే మాట మార్చేస్తున్నారు.

మునిసిపాలిటీ నుంచి ఒబాత అనే ఆవిడ వచ్చి మా ఆయనతో కూర్చుంది. నేను టీ తెచ్చేసరికి ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఏమిటని అడిగితే, ఏముంది, ఈ ఏడు చలి ఎక్కువంటున్నారు అన్నాడు మా ఆయన. ఆ ముక్క చెప్పడానికి మనిషి ఇంటిదాకా రావాలా? నా అనుమానం ఒకటే. సందు వెడల్పు చేసే వంకతో మా కొట్టు ముందు భాగం మింగేస్తారు.

మా ఆయన డయాలసిస్ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వారానికి మూడుసార్లు టాక్సీ ఎక్కుతుంటే, వేడినీటి బుగ్గల్లో స్నానాలకని చెబుతున్నాను. తెలిస్తే ఊరంతా పళ్ళు పట్టుకుని పరామర్శకు వస్తారు, ఒక్కొక్కరికీ తిరుగు కానుక ఇచ్చుకుంటూ నేను కూర్చోవాలి. మొన్న ఇగరాషి ఏమన్నాడో తెలుసా, ఏమ్మా కినుయోగారూ, అన్నేసి స్నానాలు చేస్తే మీ ఆయన తోఫులా నానిపోడూ అన్నాడు. పళ్ళు నూరుకుంటూ నవ్వాను.

పోయిన ఫిబ్రవరిలో, సందులో బండి తిప్పుకునే చోటు లేదని టాక్సీవాడు లోపలికి రానన్నాడు. మా ఆయన పెద్దరోడ్డుదాకా మంచులో పడుతూ లేస్తూ నడిచాడు. ఈ ఏడు అలా జరిగితే ఆయన తట్టుకోలేడక్కా. నాకు ఆ భయం చాలదా, కొట్టు కోసం కూడా ఏడవాలా?

అందుకే నిన్న నేనే ఆ గడ పీకేసి, ఎప్పటిలా రోడ్డు అంచున పాతాను. ఎవరైనా అడిగితే, గాలికి పడిపోతే నిలబెట్టానంటాను. నువ్వు బావగారితో కూడా అనకు.

ఒళ్ళు జాగ్రత్త.
నీ చెల్లెలు
కినుయో

తా.క.: ఉత్తరం డబ్బాలో వెయ్యకముందే మంచు విరుచుకుపడింది. ఇవాళ మంగళవారం, మా ఆయన ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు. పొద్దున బండి నేను పాతిన గడదాకా తోసి, మంచంతా మా వాకిట్లో గోడలా పేర్చి పోయింది. టాక్సీవాడు సందు మొదట్లోంచే ఫోన్ చేసి, బండి తిప్పుకునే చోటు ఉంటుందని మునిసిపాలిటీవాళ్ళు చెప్పారే, ఏదండీ అని అడిగాడు.

మా ఆయన అప్పుడు నోరు విప్పాడు. ఆ ఫిబ్రవరిలో తను మంచులో పడుతుంటే చెయ్యిచ్చి లేపింది ఇగరాషేనట. జబ్బు సంగతి అప్పుడే మా ఆయన చెప్పేశాడట. మీటింగులో లేచి, మా వాకిట్లో టాక్సీ తిరిగేంత చోటు తోయించాల్సిందేనని పట్టుబట్టింది ఇగరాషే. గడ లోపలికి జరపడానికి ఒబాతతో సరేనన్నది మా ఆయన. మీ ఆవిడకు మాత్రం చెప్పకయ్యా, సాయంత్రానికల్లా కానుక తెచ్చి నా మొహాన కొడుతుంది అన్నాడట ఇగరాషి. నా వేడినీటి స్నానాల కథ నమ్మినవాళ్ళు సందులో ఒక్కరూ లేరు.

ఇగరాషి పార పట్టుకుని వచ్చాడు, వెనకే సందంతా వచ్చింది. గడ ఎవరు జరిపారని ఒక్కరూ అడగలేదు. నేనే చెప్పాను. తెలుసులేమ్మా, ముందు తవ్వు అన్నాడు ఇగరాషి. మా ఆయన వేళకే ఆసుపత్రికి చేరాడు.

మళ్ళీ మంచు మొదలైంది, సాయంత్రం మా ఆయన తిరిగి రావాలి. గడ పాతబోతే కింద నేల బిగుసుకుపోయింది, మంచులో గుచ్చితే గాలికి ఒరిగిపోతోంది. మధ్యాహ్నం బండి మళ్ళీ వస్తుందని ఒబాత ఫోన్లో చెప్పింది. ఇగరాషి ఆ గడ చేత్తో నిలబెట్టి పట్టుకుని, బండివాడికి కనిపించేలా మా వాకిట్లో నిలబడ్డాడు. వేడి తోఫు గిన్నె తీసుకెళ్తే, ఇది కానుకా అని అడిగాడు. కాదండీ, చల్లారిపోతుంది తినండి అన్నాను. ఆయన తింటున్నంతసేపూ గడ నేను పట్టుకున్నాను.